గాజుపలకపై సాక్ష్యము

వైద్యవృత్తియందు మనము సాక్ష్యమని నమ్మెడి వానిలో బహుభాగము క్షణకాలము నిలిచి మాయమైపోవునట్టిది. నిన్న ఉదయము వైద్యుడు రోగి మణికట్టుపై వ్రేళ్ళుంచి గ్రహించిన నాడి నేడు లేదు. గుండెపై గొట్టము నానించి విన్న ధ్వనిని ఆయన మాటలలో వర్ణింపగలడే గాని మరల వినిపింపజాలడు. శస్త్రవైద్యుడు ఉదరమును విప్పి కన్నులార చూచినది, కుట్లు పడిన మరుక్షణము, ఆయన స్మృతియందును, ఆయన వ్రాసికొన్న నాలుగు పంక్తులయందును మాత్రమే మిగులును. వారి తీర్పు సరియైనదో కాదో ఫలితమునుబట్టి ఊహింపవలసినదే గాని, వారు చూచినదానిని మనమును చూచి చెప్పుట సాధ్యము కాదు. పాథాలజిస్టు సంగతి వేఱు. అతడు ఏ రూపమును చూచి తీర్పు చెప్పెనో ఆ రూపము రంగుతో, సంఖ్యతో సహా బీరువాలో నిలిచియుండును. పది సంవత్సరములకో, ముప్పది సంవత్సరములకో, అతని ముఖమెఱుగని యొకడు ఆ గాజుపలకను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, అతడు చూచినదానినే చూచి, అతడు చెప్పినదానిని కాదనవచ్చును. ఎక్స్‌రే ఫిలిములను పరిశీలించువారును కొంతవఱకు ఇట్టివారే యని అంగీకరింపవలసినదే. అయినను వారియొద్ద నిలుచునది శరీరముయొక్క నీడ, మాయొద్ద నిలుచునది శరీరములోని భాగము.

నేను ఉద్యోగజీవితమంతయు బోధనాసుపత్రుల పాథాలజీ శాఖలలోనే గడిపినవాడను. మా విధులను ప్రభుత్వము మూడుగా విభజించి యుంచెను: రోగనిర్ణయము, బోధన, పరిశోధన. పదోన్నతి వేళ వీనికి వేర్వేరుగా లెక్కలు కట్టుదురు; ఒకదానియందు దిట్టయైనవాడు మఱొకదానియందు మందుడైనను కూడిక సరిపోయిన చాలును. ఈ విభాగము కార్యాలయమునకు అనుకూలమే గాని, ఆ పని చేసినవాని అనుభవమునకు మిక్కిలి దూరము. ఆ మూడును ఒకే గాజుపలక గడచు మూడు దశలని నాకు తోచును. ఈనాడు అది యొక రోగికి నిర్ణయము. వచ్చు మాసమున ఒక విద్యార్థికి పాఠము. దానివంటివి వందలు చేరిన పిదప, ఏ ఇరువదియేండ్లకో, ఎవరికో ఒక ప్రశ్న. ఈ మూడు దశలను ఒక్కచోట చూడగలుగుటయే కళాశాలలో పనిచేసిన పాథాలజిస్టునకు దక్కిన భాగ్యము. ఊరి మధ్యనున్న ప్రైవేటు ప్రయోగశాలలో నాకంటె పదిరెట్లు ఆర్జించిన నా సహాధ్యాయులకు ఈ యొక్క విషయమున నేను ఈర్ష్య కలిగింపగలిగితిని.

ఆ పలక యెట్లు పుట్టునో తెలియనివారికి కొంచెము చెప్పవలయును. శస్త్రవైద్యుడు కోసి యిచ్చిన ముక్క ఫార్మలిన్ సీసాలో మా గదికి వచ్చును. 1893 లో ఫెర్డినాండ్ బ్లుమ్ అను జర్మను వైద్యుడు ఫార్మాల్డిహైడుతో క్రిమినాశన ప్రయోగములు చేయుచు, అది సోకిన తన వ్రేళ్ళ చర్మము గట్టిపడుటను గమనించి, కణజాలమును కుళ్ళనీయక ఉన్నదున్నట్లు నిలుపు గుణము దానికి కలదని కనుగొనెను. నాటినుండి లోకమందలి పాథాలజీ గదులన్నింటికిని ఒకే వాసన. కన్నులు మండించెడి ఆ వాసన మా బట్టలతో ఇంటికి వచ్చి, భోజనము వేళ ఆలుబిడ్డలచే మాకు చీవాట్లు పెట్టించుచుండును. ఆ ముక్కను వరుసగా ఆల్కహాలు తొట్లలో ముంచి నీటిని తొలగించి, జైలీనులో నుంచి తీసి, కరగిన పారఫిన్ మైనము నింకించి, మైనపు దిమ్మగా పోత పోయుదురు; దీనినే మేము బ్లాకు అందుము. మైక్రోటోమ్ అను కోతయంత్రముపై ఆ బ్లాకునుండి నాలుగైదు మైక్రానుల మందము గల పొరను, అనగా మిల్లీమీటరును వేయిపాళ్ళు చేసినచో అందు నాలుగైదు పాళ్ళు మాత్రమైనదానిని, కోసి, గోరువెచ్చని నీటిపై తేలవేసి, ముడుత పడనీయక గాజుపలకపై కెత్తుదురు. పిదప అద్దకము. ఒకప్పుడు బట్టలకు రంగువేయుటకై మెక్సికో తీరమందలి కాంపెచే ప్రాంతమునుండి ఓడలకెక్కించి ఐరోపాకు కొనిపోయిన ఒక చెట్టు చేవనుండి తీసిన హిమటాక్సిలిన్, కణముల కేంద్రకములను నీలవర్ణము గావించును. ఈయోసిన్ అను కృత్రిమవర్ణము తక్కిన భాగమును గులాబివన్నె గావించును. ఎన్నియో క్రొత్త రంగులు, క్రొత్త పరీక్షలు వచ్చినవి. అయినను ఉదయమున బల్లపైకి వచ్చు పలకలలో నేటికిని అత్యధికము ఈ నీలి గులాబి జంటయే.

ఇందు నా చేతిపని లేశమును లేదు. ఇది యంతయు టెక్నీషియన్ల నైపుణ్యము. కత్తి పదును తగ్గినను, మైనము సరిగా ఇంకకున్నను, పొర చిరిగి గీతలు పడును. ఆ గీతల నడుమ ఎంత విద్వాంసుడైనను ఏమియు చదువలేడు. పలక చివరనున్న గరుకు భాగముపై సంఖ్యను పెన్సిలుతోనే వ్రాయవలెననునది మా గదిలో తొలుత నేర్పెడి నియమము. సిరాతో వ్రాసినది ఆల్కహాలు తొట్టిలో కరగిపోవును, పెన్సిలు గీత చెక్కుచెదరదు. ఆ సంఖ్య తాఱుమాఱైనచో ఒకరి రోగము మఱొకరికి అంటగట్టబడును. పిదప నా పాండిత్యమెంతటిదైనను దానివలన అపకారమే గాని ఉపకారము లేదు. మా వృత్తిని గూర్చి వ్రాసినవారు మేధస్సును గూర్చి విరివిగా వ్రాసిరి గాని ఈ పెన్సిలును గూర్చి తగినంత వ్రాసినట్లు నాకు కానరాదు.

ఇక చూచుట. క్రొత్తగా చేరిన విద్యార్థి కంటికి పలకయంతయు గులాబిరంగు మబ్బువలె నుండును. ఆచార్యుడు మాత్రము ఒక్క క్షణము చూచి పేరు చెప్పును, విద్యార్థి నివ్వెఱపోవును. ఇందు మంత్రమేమియు లేదు. వీధి చివర వచ్చుచున్న మనుష్యుని ముఖము కనబడకమునుపే నడకనుబట్టి మన మామయ్యయని గుర్తింతుము గదా. ఏ కాలు ఎట్లు పడినందున గుర్తించితిరని ఎవరైన నిలదీసిన చెప్పుట కష్టము. మా గుర్తింపును అట్టిదే. గుర్తింపు ముందు వచ్చును, కారణములు వెనుక వచ్చును. అయితే అందఱిని మామయ్యయని పిలుచుటయు అట్టివారికే సులభము. కావున మంచి పాథాలజిస్టు తనకు మొదట తోచిన పేరును గూర్చియే మిక్కిలి అనుమానము గలవాడై, కేంద్రకముల ఆకారమును, విభజన చెందుచున్న కణముల సంఖ్యను, కణములు తమ హద్దును దాటి లోనికి చొచ్చుకొనిపోయినవో లేదో అను సంగతిని ఒక్కొక్కటిగా ప్రశ్నించి, ఆ పేరు నిలిచిన పిమ్మటనే సంతకము చేయును.

సంతకము చేసిన తరువాత జరుగు చర్చలలో చరిత్ర కెక్కినది ఒకటి కలదు. 1887 లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయి, స్వరపేటికయందు ఒక కంతి కనబడెను. బెర్లిను వైద్యులు అది క్యాన్సరని శంకించి శస్త్రచికిత్సకు సంసిద్ధులైరి. లండను నుండి రప్పింపబడిన కంఠవైద్యుడు మొరెల్ మెకంజీ, ముందుగా ముక్క తీసి పరీక్షింపజేయక గొంతు కోయరాదని అడ్డుపడి, తాను తీసిన ముక్కలను రుడాల్ఫ్ విర్కోకు పంపెను. విర్కో, కణమే రోగమునకు నిలయమని 1858 లో గ్రంథముఖమున లోకమునకు చాటినవాడు. అంతకు పదేండ్లు ముందే ఎగువ సైలీషియాలో వ్యాపించిన విషజ్వరమును పరిశీలింప ప్రభుత్వము పంపగా, వెళ్ళివచ్చి, ఆకలి, అవిద్య, దుష్పరిపాలన అందుకు కారణములని ఆ ప్రభుత్వము ముఖముననే చెప్పినవాడు. రోగశాస్త్రమున ఆయనకు మించిన అధికారి నాడు లేడు. ఆయన ముక్కలను చూచి క్యాన్సరు లక్షణములు లేవనెను. శస్త్రచికిత్స ఆగిపోయెను. మఱుసటి సంవత్సరము మార్చిలో ఫ్రెడరిక్ చక్రవర్తి యయ్యెను. తొంబదితొమ్మిది దినములు మాత్రమే రాజ్యము చేసి, 1888 జూన్ 15 న మరణించెను. శవపరీక్షలో స్వరపేటిక క్యాన్సరుచే నాశనమైయుండెను. తరువాత సింహాసన మెక్కినవాడు ఆయన కుమారుడు రెండవ విల్‌హెల్మ్. ఆ ప్రభువు ఏలుబడిలో జర్మనీ ఏ దారి పట్టెనో అందఱెఱిగినదే. ఉదారభావములు గల తండ్రి బ్రదికియున్నచో ఐరోపా చరిత్ర వేఱుగా నుండెడిదని ఊహించువారు నేటికిని కలరు. అట్టి ఊహలు సాయంకాలపు కాలక్షేపమునకు బాగుండును గాని నాకు వానిపై అంత మక్కువ లేదు.

నాకు మక్కువ గలది విర్కో వ్రాసిన నివేదికపై. ఆయన తనకు పంపిన ముక్కను గూర్చి మాత్రమే చెప్పెను. ఆ ముక్క ఆరోగ్యముగా నున్నంతమాత్రమున మిగిలిన భాగమంతయు నట్లే యున్నదని ఆ ముక్కనుబట్టి నిశ్చయింపజాలనని ఎచ్చరిక గూడ చేసెను. ఆ ఎచ్చరికను చదువవలసినవారు చదువలేదు. చదివినవారు తమకు ప్రియమైన భాగమునే చదివిరి. లోకము ఆయనను తప్పుపట్టెను, నేను పట్టను. చూడనిదానిని గూర్చి చెప్పకుండుట మా వృత్తికి వెన్నెముక. అయినను అంతటితో ఆయన బాధ్యత తీరినదా యను సందేహము మాత్రము నన్ను విడువదు. తన మాటకు రాజ్యమంతటను ఎంత బరువున్నదో ఎఱిగినవాడు, ఆ ఎచ్చరికను చివర చిన్న వాక్యముగా గాక తలమానికముగా నుంచి, మఱింత లోతునుండి ముక్క పంపిననే గాని మాట్లాడనని పట్టుపట్టియుండరాదా? నివేదికలయందు ప్రధానవాక్యము ఎక్కడ నుండవలెనను విషయమై నేను నా పరిశీలక విద్యార్థులతో గంటలకొలది వాదించితిని. వారిలో కొందఱికి ఇది చాదస్తముగా తోచెను.

రోగి మాకు కనబడడని అందురు. అది సగము సత్యము. నమూనాతో వచ్చు కాగితముపై వయస్సు, వృత్తి, ఊరు, ఎన్నాళ్ళనుండి బాధ అను వివరములుండును. ఆ వివరములు వ్రాయక కేవలము “గడ్డ” అని గీకి పంపు యువవైద్యులపై నాకు గల కోపము ఉద్యోగవిరమణ తరువాత గూడ చల్లారలేదు. ఎముకనుండి తీసిన ముక్కను ఎక్స్‌రే ఫిలిము చూడక చదువుట ప్రమాదమని ప్రతి పాఠ్యగ్రంథమును చెప్పును. ఇక రోగి బంధువులు కిటికీయొద్దకు వచ్చి, కాగితము చేతిలో పట్టుకొని, “అయ్యా, మంచిదేనాండీ?” అని అడుగుట మా శాఖలలో నిత్యము జరుగునదే. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది చికిత్స చేయు వైద్యుడేయని నియమము. ఆ నియమము న్యాయమైనదే. ముఖము మాత్రము నియమమును పాటింపదు. వారు మా ముఖమునుబట్టి సగము చదువుకొని వెళ్ళెదరు.

శస్త్రచికిత్స జరుగుచుండగనే ముక్కను గడ్డకట్టించి కోసి ఇరువది నిమిషములలో తీర్పు చెప్పు పద్ధతి యొకటి కలదు, దానిని ఫ్రోజెన్ సెక్షన్ అందురు. అచట ధైర్యము పాండిత్యముకంటె ఎక్కువ అవసరము. తీర్పు చెప్పుటకు ఎంత ధైర్యమవసరమో, తీర్పును రేపటి శాశ్వత పలకకు వాయిదా వేయుటకును అంతే ధైర్యమవసరము.

బోధనకు వచ్చెదను. నా ఆచార్యులలో ఒకరు, విద్యార్థి పలకను తీసికొనుటతోడనే సూక్ష్మదర్శిని క్రింద దూర్చబోయినచో, చేయి పట్టుకొని ఆపి, ముందు దానిని కిటికీ వెలుతురున కెదురుగా పట్టించి, ఒట్టికంటితో చూచినదేమో చెప్పుమనెడివారు. ముక్క యెంత, అంచు నున్ననిదా గరుకుదా, నీలము ఎచ్చట గుమిగూడినది, ఎచ్చట వెలవెలబోయినది. తరువాత తక్కువ శక్తి గల కటకము. ఎక్కువ శక్తి గల కటకమునకు త్వరపడువాడు చెట్టును చూచి అడవిని కోల్పోవునని ఇంగ్లీషు గ్రంథములలో వ్రాయుదురు. మా ఆచార్యులు ఆ మాట యననే లేదు, కటకముల పళ్ళెమును తమ చేతితో త్రిప్పనీయక పట్టుకొని కూర్చుండెడివారు, అంతే. ఇద్దఱు ఒకేసారి చూచుటకు వీలగు రెండుకన్నుల జంట సూక్ష్మదర్శిని మా శాఖకు వచ్చిననాడు మాకు పండుగ. అంతకుముందు గురువు చూచినదేదో శిష్యుడు చూచినదేదో ఎవరికి తెలియును? ఇద్దఱును తలలూపెడివారు. జంట సూక్ష్మదర్శినిలో నొక చిన్న బాణపుగుర్తు వెలుగుచుండును. దానితో గురువు ఒక్కొక్క కణమును చూపవచ్చును. అంతకుమించిన లాభము మఱొకటి కలిగెను: గురువు తడబడుటను శిష్యుడు చూడగలిగెను. బాణము ఒకచోట ఆగి, వెనుకకు వచ్చి, మరల అచటికే పోవును. నిర్ణయమనగా నేమో ఆ బాణపు తిరుగాటలో నేర్చినంతగా నా ఉపన్యాసములలో ఎవరును నేర్చియుండరు.

పాథాలజీ శాఖకు మ్యూజియము మఱొక తరగతిగది. గాజుజాడీలలో నిలిపిన కాలేయములు, మూత్రపిండములు, క్షయ తినివేసిన ఊపిరితిత్తులు అరలనిండ వరుసలు దీరియుండును. మేము చదువునాళ్ళలో ఆ గదికి కాపున్న వృద్ధ అటెండరు, “బాబూ, ఆ జాడీ కదపకండి, లోపల దారం తెగిపోయుంది” అనుచు మా వెనుకనే తిరుగుచుండెడివాడు. ఏ జాడీ ఏ పరీక్షలో ఎన్నిమాఱులు పెట్టబడెనో ఆయనకు కంఠస్థము, అందుచేత పరీక్షల ముందు ఆయనకు మాచే జరుగు మర్యాద ఆచార్యులకు గూడ దక్కెడిది కాదు. ఆ అవయవములన్నియు శవపరీక్షలనుండి వచ్చినవి. పాడువాలో ఆచార్యుడుగానున్న మోర్గాన్యీ, 1761 లో, తనకు డెబ్బదితొమ్మిదవ యేట, సుమారు ఏడువందల శవపరీక్షల వృత్తాంతములను రోగి బ్రదికియుండగా పడిన బాధలతో జతచేసి గ్రంథముగా ప్రకటించెను. మా శాస్త్రమునకు పునాది అది. నేడు మన బోధనాసుపత్రులలో పోలీసు కేసులకై చేయు శవపరీక్షలు తప్ప, రోగకారణము నెఱుగుటకై చేయునవి మిక్కిలి అరుదైనవి. స్కానింగు యంత్రములు వచ్చిన పిదప వానితో పనియేమని కొందఱందురు. యంత్రము చెప్పినది నిజమా యని అడుగుటకు మిగిలిన చోటే అదియని నా యభిప్రాయము. ఈ విషయమున నా సహోద్యోగులలో నాతో ఏకీభవించువారు నానాటికి తగ్గుచున్నారు.

వైద్యులందఱు కూడి, మరణించిన రోగి వృత్తాంతమును చర్చించి, చివర పాథాలజిస్టు లేచి అసలు కారణమును వెల్లడించు సభ యొకటి కలదు. బోస్టనునందు రిచర్డ్ కాబట్ దీనిని ప్రచారములోనికి తెచ్చెను. ఆ సభలో మాకు దక్కు గౌరవము కొంత అనర్హమైనదేయని నా అనుమానము. తక్కినవారు చీకటిలో తడుముకొనుచు వాదించునప్పుడు, సమాధానము జేబులో పెట్టుకొని కూర్చున్నవాడు పండితుడుగా కనబడుటలో ఆశ్చర్యమేమున్నది?

పరిశోధన మాట యెత్తిన వెంటనే మన కళాశాలలలో వినబడునది వ్యాసముల సంఖ్య. ఆ సంఖ్యకై వ్రాసినవి ఎట్లుండునో నేను చెప్పనక్కఱలేదు. నిజమైన పరిశోధన మా శాఖలలో తఱచుగా బీరువాయొద్ద పుట్టును. ఒకే రకపు పలకలు, ఒకే ప్రాంతపు మనుష్యులనుండి, మాటిమాటికి వచ్చుచున్నవేమి యని ఒకనికి తోచును. బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రయోగశాలలకు అధిపతియైన వసంత్ రాంజీ ఖనోల్కర్, సూర్యాబాయితో కలసి 1945 లో ప్రకటించిన వ్యాసము దీనికి ప్రసిద్ధమైన తార్కాణము. నడుమునకు బిగించి కట్టు ధోవతి ఒరసికొనుచోట చర్మముపై పుట్టు క్యాన్సరును మొదలుకొని, దేశములోని అలవాట్లనుబట్టి కలుగు క్యాన్సరులను వారు వర్ణించిరి. సూక్ష్మదర్శినిలో అవి ఇతర చర్మ క్యాన్సరులవలెనే యుండును; ఏ శరీరమున ఏ చోటనుండి వచ్చినవను వివరము లేనిచో అందు విశేషమేమియు కానరాదు. ముందు నేను కోపగించుకొన్న ఆ కాగితము విలువ ఇదియే.

మన సముద్రతీరపు కథ ఇంతకంటె విచిత్రమైనది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో, అందును స్త్రీలలో, చుట్టను వెలిగించి నిప్పున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అలవాటు కలదు. దానిని అచట అడ్డపొగ యందురు. లోకమున అంగిటి క్యాన్సరు అరుదు. విశాఖపట్టణమందలి ఆంధ్ర వైద్యకళాశాల పాథాలజీ బల్లపైకి మాత్రము అది యథేచ్ఛముగా వచ్చుచుండెను. అచటి ఆచార్యులు గోవిందరెడ్డిగారును వారి సహచరులును 1957 లో ఆ రెంటికి గల సంబంధమును వ్యాసరూపమున ప్రకటించిరి. 1971 నాటికి డెన్మార్కు దేశీయుడైన పిండ్‌బోర్గును, బొంబాయినుండి మెహతా ప్రభృతులును కూడి, శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించి, క్యాన్సరునకు ముందుగా పుట్టు తెల్లమచ్చలను, ఎఱ్ఱమచ్చలను వర్ణించి ప్రకటించిరి. పలకలో మొదలైన ప్రశ్న పల్లెలో ఇంటింటికి నడచి వెళ్ళెను. ఆ తల్లులు అడ్డపొగ ఎందుకు మొదలిడిరో, పనిచేయువేళ గాలికి చుట్ట ఆరిపోకుండుటకో, పొగ బయటికి కనబడకుండుటకో, పలువురు పలువిధముల చెప్పుదురు. ఆ సంగతి తేల్చుటకు సూక్ష్మదర్శిని పనికిరాదు.

ఆ శ్రీకాకుళముననే 1921 లో జన్మించి, ఆ విశాఖపట్టణపు కళాశాలలోనే వైద్యము చదివినవారు వులిమిరి రామలింగస్వామిగారు. ఆక్స్‌ఫర్డు, కూనూరులోని పోషకాహార పరిశోధనాలయము, పిదప ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో పాథాలజీ ఆచార్యత్వము, ఆ తరువాత ఆ సంస్థకే డైరెక్టరు పదవి. నా తరమువారికి తెలుగుదేశమునుండి పాథాలజీ చేపట్టుటకు ఆయన పేరే ఒక ధైర్యము. ఆయన పనిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది గళగండము కథ. హిమాలయ సానువులలో, కంఠము క్రింద థైరాయిడు గ్రంథి గుమ్మడికాయ యంతగా ఉబ్బినవారు ఊరూరను ఉండెడివారు. ఆ గ్రంథిని కోసి చూచిన పాథాలజిస్టునకు అందు ఏమి జరిగినదో స్పష్టముగా కనబడును. ఎందుకు జరిగినదో ఒక్క పిసరును కనబడదు. కారణము పర్వతపు మట్టిలో నున్నది. వానలు, మంచునదులు ఆ మట్టిలోని అయోడినును కడిగివేసినవి. 1956 నుండి కాంగ్రా లోయలో రామలింగస్వామిగారి బృందము ప్రాంతమును మూడు భాగములు చేసి, రెంటికి అయోడిను లవణములు కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేయించి, ఏండ్లు వేచియుండెను. అయోడిను కలిపిన ఉప్పు తిన్న ప్రాంతములలో గళగండము తగ్గెను, తక్కినచోట తగ్గలేదు. 1962 లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమము ప్రారంభమయ్యెను. వేచియుండుట యనునది పరిశోధనలో ఎంత భాగమో ఈ వృత్తాంతము చెప్పును. మూడు సంవత్సరముల గడువులో ముగింపవలసిన పట్టాగ్రంథములలో అట్టి వేచియుండుటకు అవకాశమెక్కడ?

బోస్టను పిల్లల ఆసుపత్రిలో మృతశిశువులను పరీక్షించు పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ గూడ ఇట్లే తన గది దాటినవాడు. భీమవరమువాడైన యల్లాప్రగడ సుబ్బారావు బృందము లెడర్లీ సంస్థలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సరుగల పదాఱుగురు పిల్లలకిచ్చి, పదిమందిలో తాత్కాలికముగానైనను మేలు కనబడెనని 1948 లో ప్రకటించెను. శవము ప్రక్కనుండి మంచము ప్రక్కకు నడచివచ్చిన పాథాలజిస్టులు అరుదు. ఆయనను నాటి వైద్యులలో కొందఱు ఆక్షేపించిరట, అందు నాకు వింత కనబడదు.

బీరువా సంగతికే మరల వచ్చెదను. లండనులోని గైస్ ఆసుపత్రి మ్యూజియమునకు అధికారిగా నుండిన థామస్ హాడ్జ్‌కిన్, 1832 లో, శోషరసగ్రంథులు, ప్లీహము ఉబ్బి మరణించిన ఏడుగురి వృత్తాంతమును ప్రకటించెను. దానికి ఆయన పేరు పెట్టినది 1865 లో శామ్యూల్ విల్క్స్. హాడ్జ్‌కిన్ ఆ అవయవములను ఒట్టికంటితోనే వర్ణించెను. వానిలో కొన్ని జాడీలలో మిగిలియుండగా, 1926 లో హెర్బర్ట్ ఫాక్స్ వానినుండి పొరలు తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. ఆ ఏడుగురిలో కొందఱి వ్యాధి ఆ పేరునకు తగినదే యనియు, అందఱిదియు గాదనియు తేలినది. వంద సంవత్సరములకు దగ్గఱ. ఆ జాడీలను ఎవరో పారవేయక, ద్రవము ఆవిరియైనప్పుడెల్ల మరల నింపుచు వచ్చిరి. వారి పేళ్ళు మనకు తెలియవు.

1918 సెప్టెంబరులో, దక్షిణ కెరొలైనాలోని సైనిక శిబిరమున ఇన్‌ఫ్లుయెంజా జ్వరముతో మరణించిన యొక సామాన్యసైనికుని ఊపిరితిత్తి ముక్కలు పారఫినులో బిగింపబడి వాషింగ్టనులోని సైనిక వైద్య మ్యూజియమునకు చేరెను. ఆ జ్వరమునకు వైరసు కారణమను సంగతియే నాటివారెఱుగరు. 1997 లో జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందము ఆ మైనములోనుండి ఆ వైరసు జన్యుపదార్థపు తునకలను చదివి ప్రకటించెను. 2005 నాటికి పూర్తి క్రమము వెలువడెను. ఆ బ్లాకును పోత పోసిన టెక్నీషియను జన్యువును గూర్చి ఆలోచింపలేదు, ఆలోచింపజాలడు గూడ. అతడు మైనమును సరిగా కరగించి, సంఖ్యను సరిగా వ్రాసెను.

ఇప్పుడు మా శాఖలకు పలకలను మొత్తముగా కంప్యూటరు తెఱపైకి ఎక్కించు యంత్రములు వచ్చుచున్నవి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 లో అట్టి యంత్రమొకదానిని రోగనిర్ణయమునకే అనుమతించెను. వీనిని నేను స్వాగతించువాడనే. శ్రీకాకుళములోని పలకను హైదరాబాదులోని నిపుణుడు నిమిషములో చూచుట సామాన్యమైన మేలు కాదు. కాని దీనినాధారముగా జేసికొని, చిత్రములు నిలువయైన పిదప గాజుపలకలును బ్లాకులును ఎందుకని, స్థలము చాలదని, పాతవానిని తీసివేయుదమని ఒక సమావేశములో యువకులు ప్రతిపాదించిరి. నేను ఆహ్వానితుడనై వెళ్ళితిని గాని ఓటు లేనివాడను. చిత్రము ఆనాటి రంగును, ఆనాటి ప్రశ్నను మాత్రమే నిలుపును. క్రొత్త పరీక్ష వచ్చినప్పుడు దానికి కావలసినది కణజాలమే గాని దాని బొమ్మ కాదని మనవిచేసి, ఆ సైనికుని సంగతి చెప్పితిని. జన్యుపరీక్షలకై ఒక్కొక్క బ్లాకును ఎంతవఱకు అరగదీయవచ్చునో, చివరి పొరను ఎవరికై మిగుల్పవలయునో, రోగికి గాని వారి సంతతికి గాని దానిపై ఎట్టి హక్కు గలదో, ముందు ఈ మూటికి నియమములు వ్రాయుడని కోరితిని. వారు శ్రద్ధగనే వినిరి. ఒక అమ్మాయి మాత్రము లేచి, “సార్, ఎలుకలు మైనం కొరికేస్తున్నాయి, ఎండాకాలం పై అరల్లో బ్లాకులు అతుక్కుపోతున్నాయి. ఉంచడం సరే, ఎక్కడ ఉంచమంటారు?” అని అడిగెను. అది న్యాయమైన ప్రశ్న. ఎండ తగులని గోడవైపు ఇనుపబీరువాలకును, ఆ గదికి చల్లని గాలి యంత్రమునకును ప్రిన్సిపాలుగారికి అర్జీ వ్రాయుదమని నిశ్చయమై, ముసాయిదా వ్రాయు పని ఓటు లేని నాకే అప్పగింపబడెను.